ఓడ మునిగే అధ్యాయం

మా సంఘంలో ఏటా, ఈస్టరుకు ముందొచ్చే శ్రమల దినాలు మొదలయ్యేలోగా, ఒక శనివారం గొలుసు పఠనం జరుగుతుంది. తెల్లవారగానే కొత్త నిబంధన మొదటి పుట తెరుస్తారు. ఒకరి తర్వాత ఒకరు పీఠం దగ్గరికి వచ్చి బిగ్గరగా చదవాలి. దీపాలు పెట్టే వేళకు నాలుగు సువార్తలూ, వాటి వెనక అపొస్తలుల కార్యాలూ పూర్తి కావాలి. నియమం ఒక్కటే, గొంతు ఆగకూడదు. ఒకరి చివరి మాట గాలిలో ఉండగానే ఇంకొకరు అందుకోవాలి. ఆగిందా, ఆ పుస్తకం మళ్ళీ మొదటినుంచి!

నేనెప్పుడూ ఆ గొలుసులో లేను. తిరుపతిలో మాది స్టీలు సామాన్ల కొట్టు. పుట్టింది చిత్తూరు బజారులో, పెరిగింది నాయన బియ్యం కొట్టులో గల్లాపెట్టె పక్కన. ఆదివారం భార్యను మందిరం దగ్గర దించి కొట్టుకు పోయేవాణ్ణి. దేవుడూ నేనూ ఒకే బజారులో ఎదురెదురు అంగళ్ళవాళ్ళలాగా కనపడితే తలలు ఊపుకునేవాళ్ళం, అంతే.

ఈ ఏడు పఠనానికి మనుషులను కుదిర్చే పని నా భార్యకు పడింది.

"ఈసారి నువ్వు సదవాల" అనింది.

"చిన్నది ఇయ్యి. నాలుగు వచనాలు."

"నాలుగు వచనాలకి ఆడికెక్కితే నవ్వుతారయ్యా. ఒక అధ్యాయం."

"అర్ధం."

"ఈడ అర్ధాలు అమ్మేది లేదు. సెట్టులో స్పూను విడిగా ఇస్తావా నువ్వు?"

చివరినుంచి రెండో అధ్యాయానికి ఒప్పుకున్నాను. సాయంత్రం, జనం పల్చబడే వేళ. మంచి బేరమే కుదిరిందని మీసం దువ్వుకున్నాను. ఇంటికొచ్చి తెరిచి చూస్తే అది ఓడ మునిగే అధ్యాయం, నలభై వచనాల పైనే ఉన్నాయి. బజారునే అమ్మగలననుకునేవాణ్ణి వంటింట్లో బోల్తా కొట్టించింది.

నా తర్వాతది, ఆఖరి అధ్యాయం, టీచరమ్మది. సండే స్కూల్లో సగం సంఘానికి అక్షరాలు దిద్దించిన ముసలామె. ఆ అధ్యాయం ఏటా ఆమెదే. ఈసారి కంటి ఆపరేషనై చిత్తూరులో కూతురింట్లో ఉంది. ఇక అక్షరం కనపడదేమోనని నెలల తరబడి భయపడింది. కట్టు విప్పగానే నా భార్యకు ఫోను చేసింది: "గోడమీది అక్షరాలు కనపడతా ఉండాయి అమ్మీ! పుస్తకంలో కూడా కనపడతాయో లేదో ఆడికొచ్చే సూసుకుంటా. నా అధ్యాయం ఎవురికీ ఇయ్యొద్దు."

శనివారం నా వంతు వచ్చింది. పీఠం ఎక్కి అందుకున్నాను. ఓడ రేవు దాటిందో లేదో, నా భార్య ఫోను పట్టుకుని వచ్చి చెవిలో చెప్పింది: "టీచరమ్మ బస్సు చంద్రగిరి కాడ ట్రాఫిక్కులో నిలిచిపోయిండాది. ఆమె వచ్చేదాకా లాగు. లేకుంటే ఆమె అధ్యాయం ఇంకొకరికి పోతాది."

పెళ్ళయ్యాక మొదటిసారి ఆమెకు ఎదురు చెప్పలేకపోయాను. నోట్లో వాక్యం ఉంది మరి!

లాగడం నాకు కొత్తా? గోడౌను నుంచి సరుకు వచ్చేదాకా గిరాకీని కదలనివ్వకుండా బిందెను తిప్పి అంచు చూపిస్తాం, అడుగు చూపిస్తాం, తట్టి మోత వినిపిస్తాం. ఇక్కడ సొంత మాట ఒక్కటీ కలపకూడదు. కాబట్టి ఉన్న మాటలనే ఒక్కొక్కటిగా తట్టి వినిపించాను. ఊరకులోను అనే పెనుగాలి లేచింది. ఓడ కొట్టుకుపోతోంది. సరుకు సముద్రంలో పారేస్తున్నారు! ఆ మాట దగ్గర మాత్రం నటన లేదు. వానకు ఒక్క బస్తా తడిస్తే మా నాయన అన్నం ముట్టేవాడు కాదు.

ముందు బెంచీలో ఒక పెద్దాయన ఆగలేకపోయాడు. "ఏమప్పా, మమ్మల్ని ఒడ్డుకి చేరుస్తావా లేదా?"

అందరూ నవ్వారు. నేను మాత్రం ఆ ఓడ మీదే ఉన్నాను. ఖైదీగా పోతున్న అపొస్తలుడు లేచి, ఓడ పోతుంది గానీ మీలో ఒక్క ప్రాణమూ పోదు అంటున్నాడు. తుపాను మధ్య రొట్టె తీసుకుని, అందరి ముందూ దేవుడికి కృతజ్ఞత చెప్పి, విరిచి తింటున్నాడు. ఈ కథ చిన్నప్పటినుంచీ విన్నదే. ఇంత నిదానంగా ఎప్పుడు విన్నాను? మా లెక్కలో సరుకు పోతే అంతా పోయినట్టే. ఈయన లెక్కలో ఇంకా ఏమీ పోలేదు! ఎవరో "స్తోత్రం!" అని కేక వేశారు. మిగిలిన గోధుమలు కూడా నీళ్ళలో పారబోశారని చదివినప్పుడు, నమ్ముతారో లేదో, నాకు సంతోషమేసింది.

ఈత వచ్చినవాళ్ళు దూకారు. రానివాళ్ళు పలకలు పట్టుకున్నారు. ఆఖరి వచనం. గుమ్మం బయట ఆటో ఆగింది.

నల్లద్దాలు, నడుములో దోపిన కొంగు, టీచరమ్మ దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది. పీఠం పట్టుకుని, అద్దాలు తీసి నోరు తెరిచింది. గొంతు రాలేదు, ఊపిరే వచ్చింది. పుట మీద వేలుపెట్టి పొడిచింది. "నువ్... పట్టు నాయనా..."

ఆమె అధ్యాయం నేను అందుకున్నాను. ద్వీపం, వాన, చలి, తడిసిన పరాయివాళ్ళకు నిప్పు రాజేసి పిలిచిన ఊరివాళ్ళు. ఆమె వేలు నా గొంతుకంటే ఒక మాట ముందే నడుస్తోంది. రెండు వచనాలయ్యాక నా గొంతు కింద సన్నగా ఇంకో గొంతు మొదలైంది. నాది తగ్గించాను. ఇంకా తగ్గించాను. చివరికి ఆమెది ఒక్కటే మిగిలింది. నేను మాత్రం దిగిపోలేదు. పక్కనే నిలబడి, పెదవులు కదుపుతూ ఆఖరి మాటదాకా ఆమె వెంట పోయాను.

మందిరమంతా ఆమేన్ అని లేచి నిలబడింది. ఆ సందడిలో ఆమె నా చొక్కా చెయ్యి పట్టుకుని గుంజింది.

"కనపడినాయి నాయనా! అన్నీ కనపడినాయి. పొల్లులు కూడా!"