‘నిండింది’ అని అబద్ధమాడిన పూట: తార్నాకలో సముద్ర పక్షులు

నిజం చెప్పేస్తాను. ఈ ప్రయాణం పక్షుల మీద ప్రేమతో మొదలవలేదు, కుళ్ళుతో మొదలైంది. ఎమ్మెస్సీలో నా పక్కన కూర్చున్న స్వరూప ఇప్పుడు సముద్ర పక్షుల మీద పరిశోధన చేస్తోంది. సముద్రంలోని చెత్త ఆ పక్షుల్ని ఏం చేస్తోందో చూపించే ప్రదర్శన తార్నాకలో మా పాత యూనివర్సిటీలోనే పెట్టిందని వాట్సాప్ గ్రూపులో చూశాను. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను, పళ్ళు కొరుక్కుంటూ. ఎందుకంటే, ఏడేళ్ళ కిందట ఆ పక్షులుండే దీవికి పరిశోధన కోసం మొదట పిలిచింది నన్ను. ఉన్నది ఒక్కటే సీటు. మా సార్ "రజితా, పోతావా?" అని అడిగితే మర్యాదకి "నాకెందుకు సార్, స్వరూపని పంపండి" అన్నాను. సార్ ఇంకోసారి అడుగుతారనుకున్నాను. కనీసం స్వరూపైనా "నువ్వే పోవే" అంటుందనుకున్నాను. ఇద్దరూ నా మాట నమ్మేశారు! అది సముద్రానికి వెళ్ళింది. నేను జనగామలో ఇంటర్ పిల్లలకి కప్ప గుండె బొమ్మ గీసి చూపిస్తున్నాను.

జనగామలో ఏడింటికి ప్యాసింజర్ ఎక్కితే తొమ్మిది దాటేసరికి సికింద్రాబాద్ చేరాను. స్టేషన్ బయటే మెట్రో, రెండో స్టాపు తార్నాక. సీతాఫల్‌మండి దాకా లోకల్ రైలు కూడా ఉంది గానీ దాని వేళల్ని నమ్ముకునే ఓపిక నాకు లేదు. తార్నాకలో ఆటో అతను ఎనభై అడిగి అరవైకి ఒప్పుకున్నాడు. అతని ఇల్లు క్యాంపస్ పక్కనే, మాణికేశ్వర్ నగర్‌లోనట.

"సముద్రం పిట్టలా? గీడ సముద్రమేడున్నదక్కా?" అని నవ్వాడు.

"సముద్రం లేదన్నా. ఆ పిట్టల కడుపుల దొరికిన ప్లాస్టిక్ చూపిస్తరట."

"గా ముచ్చటకైతే మా గల్లీకి రా అక్కా. మురికి నాలా నిండ కవర్లే. పెద్ద వాన పడ్డదంటే అన్నీ మూసీల కలుస్తయి. ఆడికెల్లి ఏడికి పోతయో దేవునికెరుక."

మూసీ కృష్ణలో, కృష్ణ సముద్రంలో కలుస్తాయని పిల్లలకి ఎన్నోసార్లు చెప్పాను. కవర్లదీ అదే దారని ఒక్కసారీ చెప్పలేదు.

ప్రదర్శన పదిన్నర నుంచి ఐదు దాకా. టికెట్ లేదు, గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. లోపల స్వరూప కాలేజీ పిల్లల మధ్య నిలబడి ఉంది. ఎండకి నల్లబడి, జుట్టు ఎర్రబడి, అచ్చం సముద్రం నుంచి వచ్చిన మనిషిలా. అలా నల్లబడటానికి కూడా పెట్టి పుట్టాలి! గాజు పెట్టెలో పావురమంత పక్షిపిల్ల ఎముకలున్నాయి. పక్కన పళ్ళెంలో దాని కడుపులో దొరికిన సామాను: సీసా మూతలు, లైటర్ ముక్క, పగిలిన బెలూన్ ముక్క, రబ్బరు బ్యాండ్లు, కర్రీ పాయింట్లో పప్పు కట్టిచ్చే కవర్ లాంటి దాని పీలిక. ఇంకో పెట్టెలో ముక్కుకి వల దారం బిగుసుకున్న పెద్ద పక్షి. నీళ్ళలో నానిన ప్లాస్టిక్‌కి నాచు పట్టి తిండి వాసన వస్తుందట. తల్లి పక్షి అది తిండే అనుకుని ఏరుకొచ్చి పిల్ల నోట్లో పెడుతుందట.

"కడుపు నిండినట్టే ఉంటది దానికి. ఇంక తిండి అడగదు. నిండిన కడుపుతోనే ఆకలికి సచ్చిపోతది," అంది స్వరూప. పిల్లలంతా పళ్ళెం మీదికి వంగారు.

నేను మాత్రం పెట్టెల మీద అతికించిన చీటీల్లో తప్పులు వెతుకుతున్నాను. ఒకచోట ‘సముధ్రం’ అని కనబడింది. కడుపు చల్లబడింది. మళ్ళీ ఆ ఎముకల వైపు చూస్తే సిగ్గేసింది.

రెండింటికి స్వరూపే నన్ను తార్నాక సందులో ఒక మెస్సుకి లాక్కెళ్ళింది. భోజనం నూట ఇరవై, గోంగూర పప్పు వదలకండి. వండే పెద్దాయనే వడ్డిస్తున్నాడు. "ఇంకింత అన్నం ఎయ్యాల్నా బిడ్డా?" అన్నాడు.

"వద్దు పెద్దయ్యా, నిండింది."

ఎక్కడ నిండింది? ఈ అన్నానికి ముందు పొద్దుటి నుంచి కడుపులో పడ్డది ఒక్క చాయ్.

స్వరూప పెరుగు కలుపుకుంటూ, "జనవరిల మల్ల పదిరోజులు దీవికి పోతున్నం. చెత్త ఏరనీకి ఒక మనిషి తక్కువున్నది. వస్తవానే?" అంది.

"నాకెందుకులేవే, కాలేజీ ఉన్నది. ఇంకెవరినన్న చూస్కో." నా నోరు నన్నడగకుండానే అనేసింది.

"సరే తీ," అని తలొంచుకుని తినసాగింది. అంతే! రెండోసారి అడగలేదు! ఆ పక్షిపిల్ల ఎముకల పక్కనున్న పళ్ళెం గుర్తొచ్చింది. ఇప్పుడు నోరు మూసుకుంటే ఇంకో ఏడేళ్ళు దీని ఫోటోలకి చప్పట్లు కొట్టాలి.

"ఆగే! వస్త. అప్పుడు గూడ పోవాలనే ఉండె నాకు. నువ్వు పోయినందుకు ఇన్నేండ్లు నీ మీద కుళ్ళుకుంటున్న."

దాని చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "గాడిదా! గా దినం నువ్వు వద్దన్నంక గంటసేపు డిపార్ట్‌మెంట్ మెట్ల మీద కూసున్న. ‘నేనే పోత’ అనుకుంట వస్తవని. నువ్వు రాకపోతివి."

"నువ్వే వచ్చి అడుగొచ్చు గదా?"

"నాకు గూడ మొహమాటమే గదనే!"

నేను పెద్దాయన్ని పిలిచి ఇంకింత అన్నం పెట్టమన్నాను. "నిండిందంటివి గద బిడ్డా?" అని నవ్వుతూ రెండు గరిటెలు వేశాడు.

సాయంత్రం రైల్లో కూర్చుని లెక్క చూసుకుంటే కుళ్ళు పూర్తిగా పోలేదు. ఎట్లా పోతుంది? స్వరూపకి ఏడేళ్ళ సముద్రం, నాకు జనవరిలో పదిరోజులు. కానీ ఇన్నాళ్ళూ నా సీటు అది లాక్కుందనుకున్నాను. తీరా చూస్తే ఆ సీటు గంటసేపు మెట్ల మీద కూర్చుని నా కోసం ఎదురుచూసింది. మర్యాద కోసం అన్న ఒక్క ‘వద్దు’కి ఎంత ఖరీదో ఇప్పటికి తెలిసింది.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సూచన. తార్నాకలో కూరలు కట్టించుకునేట్టయితే ఇంటి నుంచి డబ్బా పట్టుకెళ్ళండి. "కవర్ల కట్టియ్యాల్నా?" అని అడుగుతారు. అక్కడ మాత్రం గట్టిగా ‘వద్దు’ అనండి.