సోమవారం బిగుసుకున్న గుర్రం

1936 ఫిబ్రవరి, సోమవారం ఉదయం. కడప స్టేషన్ రోడ్డు. ఉన్నవారు: జట్కా తోలే పెద్దాయన, గుర్రాలకు నాడాలు కొట్టే సాయిబు, పశువుల ఆసుపత్రి కాంపౌండరునైన నేను. డాక్టరు గారు క్యాంపులో ఉన్నారు.

నా డైరీలో ఆ పుట ఇలా మొదలవుతుంది. రైలు అందుకోవాలన్న బేరం దొరికి, పెద్దాయన గుర్రాన్ని పావుగంటసేపు దౌడు తీయించాడు. మలుపు దగ్గర అది ఉన్నపళంగా ఆగిపోయింది. పిరుదుల కండలు రాయిలా బిగుసుకున్నాయి. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో పడింది. దౌడు తీసిన గుర్రం కండల్లో పుట్టే ఆమ్లం రక్తంలో చేరడం మామూలే, కాసేపు నిలబెడితే తగ్గుతుంది. ఇది ఆ తీరు కాదు.

ఒంటిమీది పిడుదు పురుగులు కుట్టి జ్వరం వచ్చిందని, రక్తం విరిగి మూత్రంలో పోతోందని సాయిబు అన్నాడు. మెల్లగా నడిపించి ఇల్లు చేర్చమన్నాడు. పెద్దాయన ఇంటిల్లిపాదీ ఆ ఒక్క గుర్రం మీదే బతుకుతున్నారు. ఆయన కళ్ళెం పట్టుకుని లాగబోతే నేను అడ్డం నిలబడ్డాను.

ఆసుపత్రి నుంచి సూది తెచ్చి, మెడ నరంలో రక్తం తీసి గాజు గొట్టంలో నిలబెట్టాను. గుర్రం రక్తంలో ఎరుపు త్వరగా అడుగుకు దిగుతుంది. పైన నిలిచిన తేట లేత పసుపుగా ఉంది. రక్తమే విరిగి ఉంటే ఆ తేట ఎర్రబడేది. కాబట్టి మూత్రంలో రంగు చితికిన కండలది. నడిపిస్తే ఇంకా చితుకుతాయి.

నిన్న ఏం పెట్టావని పెద్దాయనను అడిగాను.

"ఆదివారం చర్చికి పోతాం, బండి కట్టను గదయ్యా. మనకు పండగైతే దానికి కాదా? రెండింతలు ఉలవలు పెట్టినా."

"ఇంగ బాప్తిస్మం ఒకటే తక్కువ దానికి" అన్నాడు సాయిబు.

అంతకుముందు ఇలాంటి గుర్రాలు మూడు వచ్చినట్టు, మూడూ సోమవారమే వచ్చినట్టు నా డైరీల్లో ఉంది. అప్పట్లో కారణం అందలేదు, ఇప్పుడు అందింది. పనిలేని రోజు కడుపునిండా దాణా, మరునాడు ఒక్కసారిగా దౌడు. ఆ సంగతి ఎవరూ చెప్పకుండా నేనే పట్టుకున్నానని ఇప్పటికీ గర్వపడతాను.

"ఒక్క అడుగు కూడా ఏయించొద్దు పెద్దాయనా. ఈడనే నిలబెడదాం. సచ్చిపోతే ఆ మాట నా మీద ఏసుకుంటా."

ఆయన సాయిబు వైపు చూశాడు, గాజు గొట్టం వైపు చూశాడు, చివరికి కళ్ళెం వదిలేశాడు. బండి విప్పి, నడుము మీద గోనెసంచులు కప్పి, నీళ్ళు పెడుతూ పగలూ రాత్రీ రోడ్డు పక్కనే నిలిపాం. వచ్చేపోయే బండ్లవాళ్ళు తిట్టుకుంటూ తప్పుకుపోయారు.

మరునాడు ఉదయం మూత్రం తేటపడింది. గుర్రం తనంతట తాను నాలుగడుగులు వేసి గడ్డిమోపులో మూతి పెట్టింది. క్యాంపు నుంచి వచ్చిన డాక్టరు గారు రిజిస్టరు తెరిచి, జబ్బు గుర్తించినవారి గడిలో నన్నే సంతకం చేయమన్నారు.