చచ్చినవాడు తిన్న ఉప్మా

నేను చెప్పేదాంట్లో ముప్పాతిక వంతు కోసేసి మిగిలింది నమ్మమని మా ఇంటావిడ ఊరంతా చాటింది కాబట్టి, ఆ సంగతి నేనే ముందు ఒప్పేసుకుంటున్నాను. మొన్న తెనాలిలో టిఫిన్ హోటలు కుర్రాడు కొండవీడంత ఉప్మా తెచ్చి నా ముందు పెట్టేసరికి, రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను హాస్యం రాసిన యుద్ధం సినిమా గుర్తొచ్చి, చెంచా గాలిలోనే ఆగిపోయింది.

అప్పట్లో కథ ఒకరు రాస్తే కామెడీ ఇంకొకరు రాసేవారు. బాపట్ల సముద్రపొడ్డు ఇసుకే మా సరిహద్దు. నిజాంపట్నం పడవలవాళ్లు లక్షమంది మా శత్రుసైన్యం, దగ్గరికెళ్లి లెక్కపెడితే పదహారు. తలమీంచి తూటాలు పోతుంటే పళ్లెంలో ఉప్మా ఒలక్కుండా పాక్కుంటూ వచ్చి, అందులో జీడిపప్పు వెతుక్కునే కుర్ర సిపాయి నా సృష్టి. తర్వాతి రీలులో అతను చనిపోతాడు. ఆ చావు మాత్రం దర్శకుడిది.

మా మామగారు మిలిటరీలో హవల్దారుగా చేసి వచ్చిన మనిషి. ఈ ఉప్మా సీను సంగతి మా ఆవిడ నోట విన్నారు. "మావాళ్లు చచ్చింది మీరు జనాన్ని నవ్వించడానికా అల్లుడుగారూ?" అని అడిగి, ఆపైన ఆరునెలలు, నా లెక్కలో పదేళ్లు, నాతో మాట్లాడలేదు. సినిమా చూస్తేనైనా ఆ మౌనం కరుగుతుందేమోనని, మా ఆవిడ బతిమాలి ఆయన్ను రేపల్లెలో పొద్దుటాటకు నా పక్కన కూర్చోబెట్టింది.

ఆపరేటరు రీళ్లు తారుమారు చేశాడు. ముందు కుర్రాడు చచ్చిపోయాడు, హాలంతా ముక్కులు చీదింది. వెంటనే అదే కుర్రాడు ఉప్మా పళ్లెంతో పాక్కుంటూ వచ్చాడు. "చచ్చినోడికి ఆకలేసిందేంట్రా" అని ముందు వరసలోంచి ఎవరో అనేసరికి, ఆ నవ్వులకు పైకప్పు రేకులు లేచి బాపట్లలో పడ్డాయి. కుర్చీ కింద దూరే చోటు వెతుక్కుంటూ పక్కకు చూస్తే మామగారూ నవ్వుతున్నారు, కళ్లు మాత్రం ధారలు కడుతున్నాయి. "పోయినవాళ్లు నాకు ఇలాగే గుర్తొస్తారండి, ఏదో తింటూ," అన్నారు.

ఇప్పుడు రీళ్లు లేవు, సినిమా ఒక్క తప్పూ లేకుండా ఆడి వెళ్లిపోతోంది. చచ్చినవాడు చచ్చినట్టే ఉంటాడు. మామగారూ లేరు.

ఇందులో నేను కల్పించింది ఆయన మాట. అప్పుడాయన ఏమీ అనలేదు. బయటికొచ్చి, మ్యాటినీకి తనే రెండు టిక్కెట్లు తీసుకున్నారు. ఆ ఆటకు రీళ్లు సరిగ్గా పడ్డాయి. కుర్రాడు ఉప్మా తినడం అవగానే, ఇంకా చావకముందే, "పదండి అల్లుడుగారూ" అంటూ లేచారు. ఆరునెలల తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట అదే.