పోపు వేయని గిన్నె

మా పక్కింటి పిన్నిగారు పోయారు. ఆ మాట చెప్పడానికి ఫోన్ చేసినవాళ్ళందరూ గొంతు తగ్గించి చెప్పారు. ఆవిడ మాత్రం బతికుండగా ఎవరి ముందూ గొంతు తగ్గించిన మనిషి కాదు. అందుకని నేనూ తగ్గించకుండానే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ఆవిడతో నాకు చుట్టరికం ఏమీ లేదు. అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో గోడకి అటు ఆవిడ, ఇటు మేము. పెళ్ళయి వచ్చిన కొత్తలో, ఉద్యోగం చేసే వీసా లేక నేను ఇంట్లో దిగాలుగా కూర్చుంటే, తలుపు కొట్టి, "ఏం అమ్మాయ్, ఆ గోడల మీద పరీక్ష పెడతారా ఏమిటి, అలా చూస్తున్నావు? లే, కూరలకి వెళ్దాం" అని లాక్కెళ్ళారు. అప్పటినుంచీ ఊరందరికీ ఆంటీ, నాకు పిన్నిగారు. చలికాలం వస్తే చీర మీద బాబాయిగారి పాత కోటు వేసుకుని, పొడుగు చేతులు పైకి మడుచుకుని తిరిగేవారు. అది ఆడవాళ్ళ కోటు కాదని ఎవరో అంటే, "చలికి ఆ సంగతి తెలీదు" అన్నారు.

నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ పండగకి మా కాంప్లెక్స్ క్లబ్‌హౌస్‌లో అందరం తలో వంటా తెచ్చుకుని కలిసి తింటాం. టర్కీ కోడి పక్కన గుత్తివంకాయ, దాని పక్కన పులిహోర, చివర్లో నీలం అంచు పింగాణీ గిన్నెలో పిన్నిగారి క్రాన్‌బెర్రీ సాస్. బడి క్యాంటీన్‌లో పనిచేసిన రోజుల్లో తోటి అమెరికన్ ఆవిడ దగ్గర నేర్చుకున్నారట. ఒకసారి ఎవరో డబ్బా సాస్ తెచ్చి పళ్ళెంలో బోర్లిస్తే, అది డబ్బా గీతలతో సహా లావుపాటి కొవ్వొత్తిలా నిలబడింది. పిన్నిగారు చుట్టూ తిరిగి చూసి, "ఇది తినేదా, వెలిగించేదా?" అని అడిగారు.

నాకు నేర్పిన రోజు బాగా గుర్తు. ఆ క్రాన్‌బెర్రీ కాయలు కొరికితే అచ్చం వాక్కాయ పులుపు. నారింజ రసం, కోరిన తొక్క, ఆపిల్ ముక్కలు, పంచదార వేసి కాయల్ని పొయ్యి మీద పెడితే తొక్కలు టప్ టప్‌మని పగిలాయి. పల్చగా ఉందని నేను మంట పెంచబోతే చెయ్యి పట్టుకున్నారు. "కంగారు పడకే. చల్లారితే అదే చిక్కబడుతుంది. కొన్నిటికి మంట పనికిరాదు, ఊరుకోవడమే పని చేస్తుంది." సరేనని ఊరుకున్నాను కానీ చెయ్యి ఊరుకోలేదు. ఎండుమిర్చి, ఆవాలు తీసి పోపుకి మూకుడు పెట్టాను. ఆవిడ వచ్చి మూకుడే దించేశారు.

"కొంచెం ఇంగువతో పోపు పెడితే మన పచ్చడిలా ఉంటుంది కదా పిన్నిగారూ!"

"అదే వద్దంటున్నాను. దీన్ని పచ్చడి చెయ్యకు."

అప్పుడు నాకు అర్థం కాలేదు. బాబాయిగారు పోయిన ఏడాది అర్థమైంది. ఆయన వేసవిలో పోయారు. శ్రావణమాసంలో పేరంటాలకి ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు. నిన్నటిదాకా ఆవిడ చేత బొట్టు పెట్టించుకున్నవాళ్ళు తలుపు దాకా వచ్చి, పక్క తలుపు కొట్టి వెళ్ళిపోయారు. నవంబర్‌లో ఆవిడ కోటు వేసుకుని, గిన్నె పట్టుకుని, క్లబ్‌హౌస్‌లోకి అందరికంటే ముందు నడిచి వచ్చారు. ఏడాది తిరగకుండా పండగ భోజనానికి వచ్చిందని ఒకావిడ గుసగుసలాడింది. పిన్నిగారి చెవులు పాము చెవులు.

"ఇది మన పంచాంగంలో పండగ కాదమ్మా. దీనికి ఏటిసూతకం లేదు. కావాలంటే మీ పంతులుగారికి ఫోన్ చెయ్యి, నేను గిన్నె పట్టుకుని ఉంటా" అన్నారు గట్టిగానే. ఎవరూ ఫోన్ చెయ్యలేదు. అందరూ తిన్నారు.

తిరిగి వస్తుంటే నాతో అన్నారు. "పోపు పెడితే ఇది మన వంట అయిపోతుందే. మన వంటైతే మన నియమాలన్నీ వచ్చి పక్కన కూర్చుంటాయి. ఎవరు చెయ్యచ్చు, ఎవరు చెయ్యకూడదు, ఎవరి చేతిది ముందు తినాలి అని. ఈ ఒక్క గిన్నెనీ వాటికి దొరకనివ్వను."

ఆ రాత్రి ఇంటికొచ్చి ఏడ్చాను. ఇప్పుడూ ఏడుపు వస్తోంది, కానీ దానికంటే కోపం ఎక్కువ వస్తోంది.

ఎందుకంటే ఈసారి సాస్ నేను చేసి ఆవిడ గిన్నెలోనే తెస్తానని చెబితే, మొన్న విందు ఏర్పాట్లు చూసే ఆయన ఫోన్ చేశాడు. "అక్కా, డోంట్ మైండ్. ఆంటీ పోయి నెల కూడా కాలేదు. ఆవిడ ఇంట్లో గిన్నె పండగ టేబుల్ మీద పెడితే కొంతమందికి ఏదోలా ఉంటుంది. పిల్లలు తినేది కదా. సాస్ స్టోర్‌లో కొనేస్తాం, మీరు ఇంకేదైనా తీసుకురండి."

బతికుండగా ఆవిణ్ణి ఆపలేకపోయినవాళ్ళు ఇప్పుడు గిన్నెని ఆపుదామని చూస్తున్నారు. నాకు ఒళ్ళు మండింది. అయినా ముందు కాపెల్ అనే ఊళ్ళో ఉన్న ఆవిడ కూతురికి ఫోన్ చేశాను. అంత్యక్రియలకి వచ్చినప్పుడు ఆ గిన్నె నా చేతిలో పెట్టింది తనే.

"మాకు ఈ ఏడాది పండగలు లేవక్కా. నీకు మైల లేదు కదా, నువ్వు చెయ్యి. అమ్మ గిన్నె ఆ బల్ల మీద ఉండాలి" అంది.

నిజమే, నాకు మైల లేదు. పక్కింటివాళ్ళ దుఃఖానికి శాస్త్రంలో చోటు లేదు. చోటు లేనప్పుడు అడ్డూ లేదు. ఏర్పాట్లు చూసే ఆయనకి మెసేజ్ పెట్టాను: "గిన్నె వస్తుంది. తినడం, మానడం మీ ఇష్టం." ఇంకా జవాబు రాలేదు.

విందు రేపు. ఇందాక సింక్‌లో నీళ్ళు నింపి కాయలు పోశాను. పిన్నిగారు ఏరడం ఇలాగే నేర్పారు: "మునిగినవి పారెయ్, తేలినవి మనవి." ఎర్రగా నీళ్ళంతా పరుచుకున్నాయి. ఆవిడ చేసినట్టే అరచెయ్యి పెట్టి అడుగుదాకా అణిచాను. వేళ్ళ సందుల్లోంచి ఒక్కొక్కటే జారి, మళ్ళీ పైకి వచ్చేశాయి.