వెయ్యిన్నీ తొమ్మిది మంది

మిల్లు కవాతులో వరసలన్నీ సమానంగా ఉండాలని మేనేజరు పట్టు. కార్మికులు వెయ్యిన్నీ తొమ్మిది మంది. డ్రిల్లు మాస్టారు ఏడేసి మందిని నిలిపినా, తొమ్మిదేసి మందిని నిలిపినా చివరికి ఒకరు మిగిలిపోతున్నారు.

"అది ప్రధాన సంఖ్య మాస్టారూ! అందర్నీ ఒకే బారుగా నిలబెడితే తప్ప, తలకిందులుగా తపస్సు చేసినా సమానంగా విడిపోదు," అన్నాడు లెక్కల గుమాస్తా.

"అయితే ఒకర్ని తీసెయ్యవయ్యా. నెలాఖరుకి రిటైరయ్యే ఆ ముసలావిడ ఉందిగా!" అన్నాడు మేనేజరు.

ఆ ముసలావిడ మాస్టారికి సొంత అక్క. ముప్ఫయ్యేళ్లు నూలు వడికి, ఇన్నాళ్లకు ముందువరసలోకి వచ్చింది. ఆయన తలూపి, జాబితాలో ఆమె పేరు కొట్టేశాడు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అక్క వరండాలో అడుగులు సాధన చేస్తోంది.

"ఒరేయ్ తమ్ముడూ, కాలు సరిగ్గా పడుతోందా?"

"పడుతోందక్కా," అన్నాడు.