కుడి నుంచి ఎడమకు మూడు భాగాలు

ఆ రోజుల్లో నవల అంటే ఒకరు చదవడం, ఇంటిల్లిపాదీ వినడం. నేను మెట్రిక్ తప్పి కొల్లాపూర్‌లో ఊరికే తిరుగుతుంటే (అప్పుడప్పుడు కూర్చునేవాణ్ని కూడా) మా అవ్వ జాలిపడి నాకో ఉద్యోగమిచ్చింది. సాయంత్రం ఆమె చింతపండులో గింజలు తీస్తుంటే నేను పుస్తకం చదివి వినిపించాలి. బజార్లో సాహెబ్ గారి దుకాణం నుంచి పుస్తకాలు కిరాయికి తెచ్చేవాణ్ని.

ఒకసారి మూడు భాగాల నవల ఒకటి దొరికింది. రాబోయే కాలంలో ఒక నగరం. అక్కడ నవ్వితే నేరం, మనుషులకు పేర్లు లేవు, అంకెలే. ఒక పదహారేళ్ల పిల్ల ఎదురు తిరుగుతుంది. పాత అట్టలు చిరిగితే సాహెబ్ మూడింటికీ ఒకే రకం అట్టలు వేశాడు. ఏది ఎన్నో భాగమో తెలియదు. వరుసలో ఎడమ చివరిది మొదటిదే కదా అని తీసుకుపోయాను.

తెరవగానే యుద్ధం. ఎవరు ఎవరో అర్థం కాలేదు (గొప్ప రచయితలు ఇలాగే మొదలుపెడతారని అవ్వకు నచ్చజెప్పాను). కాపలావాళ్లంతా చచ్చారు, కోట కూలింది, పిల్ల ఒంటరిగా ఎటో నడిచిపోయింది. ఇక అవ్వకు ముద్ద దిగలేదు. "తల్లి లేదారా దానికి? జర జల్ది రెండోది తే" అంది. రెండోదాంట్లో పిల్ల జైల్లో ఉంది. మళ్లీ దొరికిపోయిందని అవ్వ కళ్లు తుడుచుకుంది. మూడోదాంట్లో, హమ్మయ్య, తల్లి దగ్గరుంది. తల్లి జడ వేసి, అన్నం తినిపించి, పక్కలో పడుకోబెట్టుకుంది. ఆఖరి వాక్యంలో వీధిలో కాపలావాళ్ల బూట్ల చప్పుడు. నేను చదవడం ఆపి అవ్వ వైపు చూశాను గాని ఆమె నిశ్చింతగా ఉంది.

"వాండ్లేడ వస్తరు? ఎప్పుడో సచ్చిరి గద."

పుస్తకం వాపసు ఇచ్చినప్పుడు బయటపడింది సంగతి. సాహెబ్ చదివేది ఉర్దూ. ఆ రాతలాగే పుస్తకాలనూ కుడి నుంచి ఎడమకు పేర్చాడు. మొదటిది కుడి చివర ఉంటుంది గదా బేటా అని నన్నే వింతగా చూశాడు. ఇంటికి పరుగెత్తి అవ్వకు అంతా చెప్పి, ఈసారి సరైన వరుసలో చదువుతానన్నాను. ఆమె చేతులు ఆగాయి.

"గట్ల చదివితే పిల్లను మళ్ల తల్లి దగ్గర్నుంచి గుంజుకపోతరు. ఇల్లు చేరిన పిల్లను నేనెందుకు పంపాలెరా?"

అవ్వ పోయి చాలా కాలమైంది. నాకూ జుట్టు నెరిసింది, నవలలు బోలెడు చదివాను. ఆ మూడింటిని మాత్రం సరైన వరుసలో చదవడానికి ఇప్పటికీ ధైర్యం చాలడం లేదు.