ఘాట్ దిగేముందు నేను చెప్పనిది

నా స్నేహితుడి సైకిలు వెనక బ్రేకు వైరు తెగబోతోందని నాకు ముందే తెలుసు. మూడేళ్ళపాటు ఈ మాట ఎవరితోనూ అనలేదు. పైగా మా సైకిలు బృందంలో అందరికీ వేరే కథ చెప్పాను. ఆ కథ కట్టింది నేనే కాబట్టి విప్పాల్సిందీ నేనే.

నా స్నేహితుడిది కంకిపాడు. జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. నేను విజయవాడ భవానీపురంలో ఉంటాను, ఆఫీసు ఉద్యోగం. యాభై దగ్గరపడ్డాక ఇద్దరికీ సైకిళ్ళ పిచ్చి పట్టింది. కాలవ గట్ల మీద తొక్కి తొక్కి, మేమూ వీరులమే అనుకుని, మారేడుమిల్లి కొండల మీదుగా చింతూరు దాకా వెళ్ళొద్దామని బయల్దేరాం. డెల్టాలో పుట్టినవాడికి బ్రేకు అంటే గేదె అడ్డమొస్తే పట్టేది. కొండ దిగినంతసేపూ దాన్ని పట్టుకునే ఉండాలన్న ఊహే మాకు లేదు. టైర్లు చూసుకున్నాం, గొలుసుకు నూనె పెట్టుకున్నాం. బ్రేకుల జోలికి పోలేదు.

ఏలూరు చేరకముందే మా ఇద్దరికీ చెడింది. అతను ఎప్పుడూ ముందుండేవాడు. ఏ చెట్టు కిందో ఆగి, నేను చేరుకోగానే మళ్ళీ సైకిలెక్కేవాడు. అంటే విశ్రాంతి అతనికే.

"కాసేపు కూర్చోనివ్వరా."

"కూర్చోడానికైతే బస్సులో రావాల్సింది."

"కాలేజీలో పిల్లల్ని కూడా ఇట్టాగే చంపుతావా?"

"వాళ్ళు నీకంటే నయం. చెప్పింది చేస్తారు."

రాజమండ్రి దాటాక ఆ మాటలు కూడా తగ్గిపోయాయి. శనివారం సాయంత్రానికి మారేడుమిల్లి చేరాం. అతను ఏ ఊళ్ళో ఉన్నా ఆదివారం ఆరాధన మానడు. ఆ సంగతి తెలిసే నేను అతనితో వచ్చాను. "గంటలో వచ్చేస్తా, ఎండ ముదిరేలోపు ఘాట్ దిగేద్దాం" అని చెప్పి పొద్దున్నే వెళ్ళాడు.

గంట కాస్తా రెండున్నర గంటలైంది. అది చిన్న రేకుల చర్చి. దాని గోడ నీడలో రెండు సైకిళ్ళకూ నేను కాపలా. ఊరికే కూర్చోలేక ఓ గుడ్డ తీసి వాటిని తుడవడం మొదలుపెట్టాను. అప్పుడు కనిపించింది. అతని వెనక బ్రేకు వైరు, చక్రం దగ్గర బిగించేచోట, పోగులు తెగి విచ్చుకుపోయింది. మిగిలినవి రెండో మూడో. నా సంచీలో కొత్త వైరుంది. పది నిమిషాల పని. అతను రాగానే చెబుదామనుకున్నాను.

అతను మెడలో దండతో వచ్చాడు. వెనక సంఘమంతా ఉంది.

"ఇంతసేపేంట్రా?"

"సాక్ష్యం చెప్పమన్నారు. విజయవాడ నుంచి తొక్కుకుంటూ వచ్చామంటే వదల్లేదు."

"రెండు గంటల సాక్ష్యమా?"

"నీ మోకాళ్ళ సంగతి కూడా చెప్పాన్లే. మిట్ట వస్తే చాలు దిగి నడుస్తున్నావని. నీకోసం అందరూ ప్రార్థన చేశారు."

ఒక ముసలామె ముందుకొచ్చి, వంగి నా మోకాళ్ళు తడిమింది. "తగ్గిపోద్దిలే నాయనా" అంది. అందరూ నా కాళ్ళవంకే చూస్తున్నారు. వాళ్ళది మంచి మనసు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నోటిదాకా వచ్చిన బ్రేకు మాట మింగేశాను. దిగేటప్పుడు వీడికీ కాస్త దడ పుట్టనీ అనుకున్నాను.

దిగుడులో మూడో మలుపు దగ్గర వైరు తెగింది. ముందు బ్రేకు ఒక్కటే పట్టడంతో కంకర మీద చక్రం జారి, కొండవైపు రాళ్ళ మీద పడ్డాడు. కుడి మణికట్టు రెండుచోట్ల విరిగింది. నేను చేరేసరికి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"వెనక బ్రేకు పట్టలేదురా" అన్నాడు.

"నువ్వసలు వెనకది నొక్కలేదు. కంగారులో ముందుది లాగేశావు. నువ్వు పడ్డాకే వైరు తెగింది" అన్నాను.

నొప్పితో ఉన్న మనిషి చేత అబద్ధం నమ్మించడం ఎంత తేలికో.

విజయవాడ వచ్చాక బృందంలోనూ అదే చెప్పాను. దూకుడు ఎక్కువ, చెబితే వినలేదు అన్నాను. కొత్తవాళ్ళను అతని వెంట పంపడం మానేశారు. మొదట్లో అతను వాదించాడు. పోనుపోను, "నేనే బ్రేకు తప్పుగా పట్టానేమో" అనేవాడు. మణికట్టు అతుక్కుంది గానీ మళ్ళీ సైకిలు ముట్టలేదు. ఈమధ్య స్కూటర్ కూడా అమ్మేసి, కాలేజీకి ఆటోలో వెళ్తున్నాడని తెలిసింది. తన చేతి మీద తనకే నమ్మకం పోయిందట. అది విన్నాక ఇంట్లో కూర్చోలేకపోయాను.

పోయిన నెల కంకిపాడు వెళ్ళాను. వరండాలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. నిలబడే మొత్తం చెప్పాను. అతను ఎర్ర పెన్నుకు మూత పెట్టాడు.

"తెగబోతోందని చూశావా?"

"చూశాను."

"కొత్త వైరు నీ దగ్గరుందా?"

"ఉంది."

"మూడేళ్ళు. నా చెయ్యే వెధవ చెయ్యనుకున్నా. ముసలితనంలో కోతి వేషాలని మా ఆవిడ చేత తిట్లు తిన్నా. ఎందుకురా? నీకు మోకాళ్ళ నొప్పులని చెప్పినందుకా?"

"అందుకే."

కుర్చీలోంచి లేచాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"నాకు చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోదు. లోపలికి పద. మా ఆవిడకీ చెప్పు."

ఆమె వంటింటి గుమ్మంలోకి వచ్చి, "కాఫీ పెట్టమంటారా అన్నయ్యగారూ?" అంది.

"వద్దు చెల్లెమ్మా. ఆరోజు వీడి తప్పేం లేదు. బ్రేకు తెగబోతోందని నాకు తెలుసు. కోపంతో చెప్పలేదు. పైగా తప్పు వీడిదేనని ఊరంతా చెప్పాను. ఆదివారం మా బృందం ముందు కూడా ఈ మాటే చెబుతాను. నన్ను క్షమించమ్మా. నువ్వూ క్షమించరా."